గుట్ట వైపు నాలుగు వరుసలు

ఈదమ్మ గుట్ట తోట,
కొల్లాపురం దారి.
21 సెప్టెంబరు 2003

చెల్లె యమునకు,

అందరం బాగున్నాం. మీ వదిన జములమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. వాన లేదు.

నిన్న మా తోట యజమాని రాఘవేందర్ సార్ పిలిచి నీ గురించి అడిగాడు. నాసిక్‌లో వైన్ కంపెనీలో మీ చెల్లె ఏం చేస్తుంది అన్నాడు. మొదట కూలికి ద్రాక్ష కోసింది, తర్వాత లోపల పీపాల దగ్గర పెట్టారు, ఇప్పుడు వాళ్ళ సారు రుచి చూసేముందు ఈమె చూసి చెప్తుందట అన్నాను. నేను ఒక్కసారే ఇంత మాట్లాడినందుకు సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

సంగతి ఏమిటంటే, మన తోటలో వేసిన నల్ల ద్రాక్ష ఈసారి మొదటిసారి నిండుగా కాస్తుంది. ఎక్కువ పండు హైదరాబాదు కంపెనీకి పోతుంది. కొంత ఇక్కడే వైన్ చేసి చూడాలని సార్ ఆలోచన. నమూనాకు అనుమతి కాగితం కూడా తెచ్చుకున్నాడు. ఏటి వైపు మట్టిగోడలతో నాలుగు గుడిసెలు కట్టించాం. పట్నం నుంచి మనుషులు వచ్చి దిగుతారు. గుట్ట మీది ఎలుగుబంట్లను దూరం నుంచి చూసి, ఒక గ్లాసు తాగి, జొన్నరొట్టె తిని పోవాలి. తుపాకి లేదు. కంచె తీగకు కరెంటు లేదు. మైకు లేదు. "గుట్ట వాటిది, తోట మనది, నడుమ గడ్డి ఎవ్వరిది కాదు" అంటాడు సార్. పశువుల డాక్టరుగా చేసి రిటైరైనవాడు కదా, వాటి మీద మనసు.

వైన్ బాగుందని ఏప్రిల్‌లో తేలితే నిన్ను ఈ పనికే పెట్టుకుంటానన్నాడు. బావ తాపీమేస్త్రీ కాబట్టి ఆయనకూ పని ఉంటుంది. మీరు పోయి తొమ్మిదేండ్లు. ఆలోచించి రాయి.

రోజు లెక్క రాయగా మిగిలిన కాగితం ఇంతే.

కురుమూర్తి

నాసిక్
5 అక్టోబరు 2003

అన్నకు, వదినకు, ఇద్దరి మధ్య కూర్చొని మాట్లాడకుండా అన్నం తినే నీ అలవాటుకు కూడా నమస్కారం.

నీ ఉత్తరం మందం చూసి మీ బావ భయపడ్డాడు. "మీ అన్న ఇంత రాసిండంటే ఎవరో పోయిండ్రు" అన్నాడు. చదివి వినిపిస్తే లేచి వెళ్ళి తాపీ కడిగి తెచ్చాడు. ఏమిటి అంటే, ఊరికి పోతే తుప్పు పట్టిన తాపీతో పోతానా అని.

అన్నా, ఆలోచించేది ఏముంది. ఇక్కడ తొమ్మిదేండ్లయినా మేము "పాలమూరోళ్ళమే". రేకుల గదిలో ఎండాకాలం రొట్టె పెనం మీద వేయనక్కరలేదు, గోడకు కొడితే కాలుతుంది. నాకు రావాలని ఉంది. కానీ ఒక చిక్కు. మీకు కోత ఎప్పుడో ఇక్కడా కోత అప్పుడే. మార్చి సగం దాటేదాకా మా కంపెనీ సెలవు ఇవ్వదు. కాబట్టి నేను ఉత్తరాల్లో చెప్తాను, నువ్వు చెయ్యి. చివర నేను వచ్చి కలుస్తాను.

ముందుగా నాలుగు మాటలు. ద్రాక్ష పొద్దు పొడవకముందే కొయ్యాలి, వేడెక్కితే పాడు. కాడలు తీసి, కాళ్ళు శుభ్రంగా కడుక్కొని తొక్కాలి. తొక్కతో సహా డ్రమ్ములో పొంగనియ్యాలి. తొక్క పైకి తేలుతుంది, దాన్ని రోజూ మూడు పూటలా కర్రతో లోపలికి నొక్కాలి. కర్ర వేపది కావద్దు, చేదెక్కుతుంది. డ్రమ్ము చుట్టూ తడి గోనెలు కట్టు. రోజూ రుచి చూసి ఉమ్మెయ్. ఉమ్మాలి అన్నా, మింగొద్దు.

తియ్యదనం చూసే గొట్టం ఒకటి పంపుతున్నాను. రసం చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే గీత కనబడుతుంది. పాతది, నేను అడిగి తీసుకున్నదే, దొంగిలించింది కాదు. అమరచింతలో మా అత్త నేను సారా కంపెనీలో పని చేస్తున్నానని ఇంకా ఎవరికీ చెప్పలేదు. పండ్ల కంపెనీ అని చెప్పుకుంటోంది. మీరూ అట్లే ఉండనివ్వండి.

నీ చెల్లె
యమున

ఈదమ్మ గుట్ట తోట
16 నవంబరు 2003

చెల్లె యమునకు,

గొట్టం అందింది. కత్తిరింపు అయింది, చిగురు బాగుంది.

రెండు మాటలు. తినేదాన్ని కాలితో తొక్కను. గింజ కాలికి తగిలితే తీసి కళ్ళకద్దుకున్నవాళ్ళం మనం. చేతులతో పిసుకుతాను. నోట్లో పెట్టుకున్నది ఉమ్మడం కూడా నాకు చేతకాదు. అది సార్‌ను చేయమంటే ఆయన చేస్తానన్నాడు గాని, నీళ్ళతో చేసి చూస్తే రెండుసార్లూ మీసం మీదే పడింది.

తోట సంగతి అడిగావు. ఏటి వైపు వరుసలు నల్లనేల, గుత్తులు పెద్దవి. గుట్ట వైపు చివరి నాలుగు వరుసలు రాతినేల. తీగ పలచన, గింజ చిన్నది. అక్కడికి గొట్టాల నీళ్ళు సరిగా ఎక్కవు. కంపెనీవాడు వాటిని చూసి మొహం తిప్పుకున్నాడు.

ఈ ఏడు గుట్ట మీద తునికి, రేగు కాయలేదు. వానల్లేవు. ఒక తల్లి ఎలుగు, దాని వీపు మీద రెండు పిల్లలు, సాయంత్రం పూట గడ్డి దాకా దిగి చూసి పోతున్నాయి. పెబ్బేరు నుంచి వెంకట్రాములు చిన్నాయన వచ్చి, తీగకు కరెంటు పెట్టి పడుకోండి అన్నాడు. సార్ ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించాడు.

కురుమూర్తి

నాసిక్
8 జనవరి 2004

ఉమ్మడం రాని మా అన్నకు,

ఇక్కడ కోత మొదలైంది. రాసే తీరిక లేదు, చేతులు నల్లగా ఉన్నాయి, కాగితం మీద మరకలకు క్షమించు.

కాలితో తొక్కను అన్నావు, సరే. మా కంపెనీలో ఆదివారం పూట కారులో వచ్చిన ఆడవాళ్ళు పసుపు పెట్టుకున్నట్టు కాళ్ళు చూసుకుంటూ తొక్కి, ఫోటో దిగి పోతారు. దానికి టికెట్ కూడా. నీ చేతులు వాళ్ళ కాళ్ళకంటే శుభ్రం.

ముఖ్యమైన మాట ఒక్కటే. మిగతా తోట అంతా మీ ఇష్టం ప్రకారం కొయ్యండి, కంపెనీకి పంపండి. ఏటి వైపు పండుతో ఒక డ్రమ్ము నువ్వు చెయ్యి. చెయ్యి అలవాటు కావడానికి. కానీ గుట్ట వైపు నాలుగు వరుసలు మాత్రం కొయ్యొద్దు. ఎవరు అడిగినా సరే, చివరిదాకా అట్లనే వదిలెయ్. కంపెనీవాడు మొహం తిప్పుకుంటే తిప్పుకోనీ. ఇది నా మాటగా సార్‌కు చెప్పు.

యమున

ఈదమ్మ గుట్ట తోట
1 ఫిబ్రవరి 2004

చెల్లె యమునకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వదినకు కూడా చదివి వినిపించాను.

తొమ్మిదేండ్లు వేరే దేశంలో ఉండి కూడా మరిచిపోలేదు. అమ్మ పల్లి చేను పీకినప్పుడు కొసన లేనోళ్ళకు వదిలేది. వదిలిన కాడికి మళ్ళీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. మనం ఇద్దరం ఒడి పట్టుకొని గోపాల్‌పేట చేన్లలో పరిగె ఏరుకున్నవాళ్ళమే. ఆ మాట నేను సార్‌కు చెప్పలేదు. మా చెల్లె నాలుగు వరుసలు వదలమంది అని మాత్రం చెప్పాను. ఆయన గుట్ట వైపు చూసి, "మీ చెల్లె చదువుకున్న మనిషి కురుమూర్తి" అన్నాడు.

నాలుగు వరుసలు ఎక్కువ అని కోత మేస్త్రీ సణిగాడు. నేను ఊరుకున్నాను.

ఎల్లుండి కోత.

కురుమూర్తి

నాసిక్
14 ఫిబ్రవరి 2004

అన్నా,

నిలబడి రాస్తున్నాను. అమ్మ, పల్లి చేను ఎందుకు గుర్తొచ్చాయో నాకు తెలియలేదు గాని, నీకు వయసు పైబడుతోందని మాత్రం తెలిసింది. సార్ ఒప్పుకున్నాడు కదా, అది చాలు. మేస్త్రీ సణుగుడు పట్టించుకోకు. ఆ నాలుగు వరుసలతోనే మన బతుకు మారుతుంది, చూడు.

పిట్టల వల కట్టారా? మా దగ్గర వల లేకపోతే గింజ మిగలదు.

మార్చి మూడో వారం వస్తున్నాను. పెద్ద గాజు బుడ్లు నాలుగు కొన్నాను. మీ బావ వాటిని చంటిపిల్లల్లా బట్టల్లో చుట్టి పెట్టాడు.

యమున

ఈదమ్మ గుట్ట తోట
29 ఫిబ్రవరి 2004

చెల్లె యమునకు,

కోత అయింది. డ్రమ్ము పొంగింది, అణిగింది. పప్పుగుత్తిని పెద్దగా చేసినట్టు తుమ్మకర్రతో ఒకటి చేయించి, మూడు పూటలా నొక్కాను. బట్టలో వడగట్టి, గాలి చొరకుండా మూతి దాకా నింపి నీడన పెట్టాను. రోజూ రుచి చూశాను. ఉమ్మలేదు. ఒకనాటి సాయంత్రం సార్ వచ్చేసరికి నేను బర్రె ముందు కూర్చొని మన అమ్మ పెండ్లి ముచ్చట చెప్తున్నానట. నాకు జ్ఞాపకం లేదు. బర్రె విన్నదని సార్ అన్నాడు.

వల కట్టలేదు. వదిలిన వరుసలకు వల ఎందుకు.

గుడిసెల్లో మనుషులు దిగుతున్నారు. నిన్న వచ్చినాయన ఎలుగు ఎన్ని గంటలకు వస్తుందని అడిగాడు. అది బస్సు కాదు సార్ అన్నాను. గది చల్లబడే మిషన్ లేదా అన్నాడు. తాటాకు విసనకర్ర ఇచ్చాను.

గుట్ట వైపు నాలుగు వరుసల్లో అంతా నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. వచ్చినప్పుడు చూసి సంతోషపడతావు.

కురుమూర్తి

నాసిక్
26 మార్చి 2004

అన్నకు,

పెద్దవాడివి కాబట్టి మొదట నమస్కారం పెట్టాను. ఇక మిగతాది చదువు.

నేను వనపర్తి రోడ్డు స్టేషన్‌లో రైలు దిగి, బస్సు పట్టుకొని, కొల్లాపురం నుంచి గాజు బుడ్లు నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చాను. దారంతా ఆ నాలుగు వరుసల గింజ తియ్యదనం ఎంత వచ్చి ఉంటుందని లెక్క వేసుకుంటూ వచ్చాను. వచ్చి చూస్తే ఏముంది? తీగలకు ఉత్త కాడలు. కింద ఎలుగు పెంట. ఆ పక్కన ఊరి నుంచి పరిగె ఏరుకోవడానికి వచ్చిన నర్సమ్మ అవ్వ గంప.

నేను నోరు తెరిచేలోపలే సార్ పట్నం మనుషులను వెంటబెట్టుకొని వచ్చి, చేతులు జోడించి, "ఈమెనే ఆ వరుసలు వదిలిన ఆడబిడ్డ" అన్నాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకామె నా చెయ్యి పట్టుకొని కన్నీళ్ళు పెట్టుకుంది. నేను నెత్తిన ఖాళీ బుడ్లతో నవ్వుతూ నిలబడ్డాను. ఆ నవ్వు నా ముఖం మీద ఎట్లా నిలిచిందో నాకే తెలియదు.

అన్నా, నేను పరిగె వదలమనలేదు. రాతినేల మీద, నీళ్ళు తక్కువైన తీగకు కాసిన చిన్న గింజకే రుచి ఉంటుంది. దాన్ని ఇంకా కొన్నాళ్ళు ఎండనిచ్చి, నా చేత్తో కోసి, నా చేత్తో చేసి, ఏప్రిల్‌లో సార్ ముందు పెడదామనుకున్నాను. ఆ వైన్‌తో మేము ఊరికి వద్దామనుకున్నాం. ఏ రైతు అయినా నాలుగు నిండు వరుసలు పరిగెకు వదులుతాడా? నీకు ఒక్కసారి కూడా ఎందుకు అని అడగాలనిపించలేదా?

రెండు రోజులు ఉన్నాను. నువ్వూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. వదిన ఇద్దరికీ రెండుసార్లు అన్నం పెట్టింది, మొదటిసారి తిన్నామో లేదో ఎవరమూ చెప్పలేదు కాబట్టి. నీ డ్రమ్ములోది రుచి చూసి ఉమ్మి వచ్చేశాను.

మీ బావ తాపీ మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

యమున

ఈదమ్మ గుట్ట తోట
7 ఏప్రిల్ 2004

చెల్లె యమునకు,

నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే.

ఎందుకు అని అడగకపోవడానికి కారణం రాస్తాను. వదిలెయ్ అన్నదాన్ని ఎందుకు అని అడగడం మన ఇంట్లో లేదు. అడిగితే ఇవ్వడం ఇష్టం లేదన్నట్టు. నాలుగు వరుసలు ఎక్కువ అని నాకూ తోచింది. చెల్లెకు మంచి రోజులు వచ్చాయి, పెద్ద చెయ్యి అయింది, అనుకున్నాను.

ఎట్లా జరిగిందో కూడా రాస్తాను, నీకు తెలియాలి. పొద్దున పూట ఊరి ఆడవాళ్ళు వచ్చి ఏరుకున్నారు. పొద్దు వాలాక తల్లి ఎలుగు దిగేది. ఇద్దరికీ వేళ కుదిరింది. ఒకనాడు మాత్రం నర్సమ్మ అవ్వ సాయంత్రం దాకా ఉండిపోయింది. ఆ చివరన ఎలుగు. మేము గుడిసెల దగ్గర పట్నం వాళ్ళతో నిలబడి చూస్తున్నాం. కేక వేస్తే ఎలుగు మీద పడుతుందేమోనని సార్ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. అవ్వ తలెత్తి దాన్ని చూసి, గంప కింద పెట్టి, కోడలితో మాట్లాడినట్టు మాట్లాడింది. "నువ్వు ఆ దిక్కుకెల్లి తిను. నేను ఈ దిక్కుకెల్లి ఏరుకుంట. నడుమ లొల్లి వద్దు." తర్వాత గంప ఎత్తుకొని, దానికి వీపు తిప్పకుండా, మెల్లగా వెనక్కి నడిచి వచ్చింది. ఎలుగు తల ఎత్తలేదు. దాని పిల్లలు తీగ కింద గుత్తి కోసం కొట్టుకుంటున్నాయి.

అవ్వ మా దగ్గరికి వచ్చి గంప దించింది. పట్నం వాళ్ళు ఆమెను కూర్చోబెట్టి నీళ్ళు తాపారు. ఫోటో ఎవరూ తీయలేదు. తీయాలని ఎవరికీ గుర్తుకు రాలేదు. ఊరికి పోయి వాళ్ళే పదిమందికి చెప్పారు. వచ్చే ఏటికి గుడిసెలు ఇప్పుడే అడుగుతున్నారు. ఆ మరునాటి నుంచి మధ్యాహ్నం దాటితే ఎవరూ ఆ వరుసల్లోకి పోవద్దని సార్ కట్టడి పెట్టాడు.

అవ్వ ద్రాక్షతో పచ్చడి పెట్టి నీకని ఒక సీసా ఇచ్చింది. నువ్వు చూడకుండా పోయావు.

డ్రమ్ములోది ఉమ్మేశావు. బాగాలేదా? అది మాత్రం అడుగుతున్నాను.

కురుమూర్తి

నాసిక్
18 ఏప్రిల్ 2004

అన్నా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపిస్తూ నర్సమ్మ అవ్వ మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక నాకు కోపం ఎక్కడ పెట్టానో కనబడలేదు. వెతకలేదు.

ఉమ్మడం మా పద్ధతి అన్నా, బాగాలేక కాదు. ఉమ్మి, బస్సులో కూర్చున్నాక కూడా నోట్లో ఉంది. కాస్త పులుపు ఎక్కువ. కొంచెం పొగ వాసన. గోనెలు పొయ్యి దగ్గర ఆరబెట్టావేమో చూసుకో. కానీ శుభ్రంగా ఉంది. నీలాగే ఉంది. మొదట ఏం మాట్లాడదు, మింగాక ఎంతోసేపటికి ఒక మాట అంటుంది. అది అంత బాగుంటుందని నేను అనుకోలేదు, అందుకే చెప్పకుండా వచ్చాను. అలవాటు కోసం చెయ్యమన్న డ్రమ్ము అది.

ఇక అసలు మాట. సార్ దగ్గర నుంచి నాకు ఉత్తరం వచ్చింది. రమ్మంటున్నాడు. "వైన్ కంటె ముందు పరిగె గురించి ఆలోచించిన మనిషి మా తోటకు కావాలె" అని రాశాడు. చదివి సంతోషంతో మీ బావ మళ్ళీ తాపీ తీశాడు. నేను పెట్టెయ్ అన్నాను.

నేను చేయని పనికి నన్ను మెచ్చుకుంటున్నాడు. ఆ పేరు మీద వచ్చి, రోజూ ఆ వరుసల ముందు నిలబడి పట్నం వాళ్ళ చేత దండాలు పెట్టించుకోలేను. నిజం తెలిశాక కూడా రమ్మంటే వస్తాను. లేకపోతే ఇక్కడే ఉంటాం. సార్‌కు నువ్వే చెప్పాలి. కాగితం మీద కాదు. నోటితో.

నీకు కష్టమని తెలుసు. అందుకే నిన్నే చెప్పమంటున్నాను, నాకు ఆ మాత్రం కోపం మిగిలింది.

యమున

ఈదమ్మ గుట్ట తోట
3 మే 2004

చెల్లె యమునకు,

చెప్పాను.

నాలుగు రోజులు వెనక ముందు ఆడాను. ముందు బర్రెకు చెప్పి చూశాను, ఈసారి ఏమీ తాగకుండా. తర్వాత సార్ దగ్గరికి పోయాను. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుడితో కూర్చొని మన డ్రమ్ములోదే గ్లాసులో పోసుకొని ఉన్నాడు. ఆ స్నేహితుడికి వైన్ సంగతి తెలుసట. "చేసినాయన తొందరపడలే" అంటున్నాడు. ఇంకేమన్నా ఉందా కురుమూర్తి అని సార్ అడిగాడు. ఉంది అన్నాను.

నిలబడే మొత్తం చెప్పాను. ఆ వరుసలు ఎలుగులకు కాదు, ఎవరికీ కాదు, మీకు వైన్ చేయడానికే మా చెల్లె ఉంచమంది, నేను పరిగె అనుకొని వదిలేశాను, అది తెలిశాక కూడా మీ మాట కాదనలేక ఊరుకున్నాను అన్నాను. మంచి పండు పోయింది, ఆమెకు పేరు వచ్చింది, ఆ పేరుతో రానంటోంది అన్నాను.

సార్ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "అయితె మీ ఇద్దరిలో ఎవరి పొరపాటుకు జీతం ఇయ్యాలె నేను?"

ఆయన స్నేహితుడు గట్టిగా నవ్వాడు. సార్ నవ్వలేదు. నిజంగానే అడుగుతున్నాడు. అప్పుడు నేను అన్నాను. పొరపాటుకు ఎవరికీ వద్దు సార్, రాతినేల గింజకు రుచి ఉంటదని తెలిసిన మనిషికి ఇవ్వండి అన్నాను. ఇంత మాట నేను అన్నానంటే మీ వదిన నమ్మలేదు. స్నేహితుడు సాక్ష్యం చెప్పాడు.

సార్ ఒప్పుకున్నాడు. నిజం తెలిసే రమ్మంటున్నాడు. ఒక చిక్కు మాత్రం నీ మీద పెట్టాడు. ఎలుగులు ఒకసారి రుచి మరిగాయి. నాలుగు వరుసలూ వాటికి వదిలితే రేపు ఊరి చేన్లమీద పడతాయి, అప్పుడు వెంకట్రాములు చిన్నాయన లాంటివాళ్ళు నిజంగానే కరెంటు పెడతారు. అసలు వదలకపోతే పట్నం వాళ్ళకు మనం చెప్పింది అబద్ధం అవుతుంది. "ఏం చెయ్యాల్నో ఆమెనే అడుగు, జనం నోట్ల ఆ వరుసలు ఆమె పేరు మీదనే ఉన్నయి" అన్నాడు.

ఈసారి ఎందుకో కూడా రాయి.

కురుమూర్తి

నాసిక్
17 మే 2004

నోరున్న మా అన్నకు,

ఉత్తరం పట్టుకొని గది బయటికి వచ్చి పక్కింటివాళ్ళకు కూడా చదివి వినిపించాను. వాళ్ళకు తెలుగు రాదు. అయినా విన్నారు.

ఇదీ నా మాట, ఎందుకో కూడా రాస్తున్నాను. కొసన ఒక్క వరుస పరిగె. అందులో సగం ఊరి ఆడవాళ్ళకు, సగం గుట్టకు. మూడు నావి. ఎందుకంటే అమ్మ చేను అంతా వదిలేది కాదు, కొసన వదిలేది. మిగతాది మనం తినాలి కదా. వైన్ బాగుంటేనే మనుషులు వస్తారు, మనుషులు వస్తేనే గుట్టను ఎవరూ ముట్టరు. నా మూడు వరుసలకు ముళ్ళకంప కంచె వెయ్యి, తీగ వద్దు. వాన పడగానే గుట్ట అంచున తునికి, రేగు, మేడి మొక్కలు పెట్టించు. వాటి తిండి వాటికి ఇంట్లో ఉంటే పొరుగింటికి ఎందుకు వస్తాయి. పచ్చటి గుట్ట చూసి సంతోషపడని వాళ్ళు, ఎలుగు ఎన్ని గంటలకు అని అడిగేవాళ్ళు, రాకపోయినా పరవాలేదు.

కంపెనీలో చెప్పేశాను. కత్తిరింపుకు ముందే, అక్టోబరులో వస్తాం. వైన్ పెట్టడానికి గుట్ట నీడన సగం నేలలోకి దిగిన రాతి గది ఒకటి కట్టాలని మీ బావ ఇక్కడే బొగ్గుతో గోడ మీద గీసి పెట్టాడు. ఇంటివాడు చూస్తే తిడతాడు.

పచ్చడి సీసా దాచిపెట్టు. మేం వదినామరదళ్ళం లెక్క చూసుకుంటాం.

యమున

ఈదమ్మ గుట్ట తోట
25 జూలై 2004

చెల్లె యమునకు,

వానలు పడ్డాయి. ఏరు నిండుగా ఉంది, దాటించే పుట్టి తిరగడం లేదు. పట్నం వాళ్ళు ఎవరూ లేరు. తునికి, రేగు మొక్కలు పెట్టాం. మేడి కొమ్మలు నాటితే అన్నీ పట్టాయి. రాతి గదికి రాళ్ళు ఒక దగ్గర వేయిస్తున్నాను. బావ వచ్చి, ఇవి కావు అని మళ్ళీ వేరే ఏరుకుంటాడని తెలుసు. అయినా వేయిస్తున్నాను.

తల్లి ఎలుగు గుట్ట మీదే ఉంది. పిల్లలు ఇప్పుడు వీపు మీద పట్టవు, వెనక నడుస్తున్నాయి.

నిన్న సార్, నేను గుట్ట అంచుకు పోయాం. ఎండాకాలంలో ఎలుగు పెంట పడిన చోటల్లా ద్రాక్ష మొలకలు లేచాయి. రాళ్ళ సందుల్లో, అక్కడొక గుబురు ఇక్కడొక గుబురు. గింజ ఎట్లా పోయిందో అట్లా మొలిచింది. మనం వదిలింది తిని, అవి మళ్ళీ వదిలాయి. సార్ కూర్చొని చాలాసేపు చూశాడు. గుట్ట వాటిది కాబట్టి వాటిలో మనకు పని లేదు అన్నాడు. నేనూ ముట్టలేదు.

కానీ ఒక మొలక గుట్ట మీద లేదు. తోటలోనూ లేదు. నడుమ గడ్డిలో ఉంది. అది ఎవ్వరిది కాదని సార్ చెప్పిన చోటే. నాలుగు ఆకులు వేసి, పక్కన ఏదైనా దొరుకుతుందేమోనని నులితీగ చాపింది. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. దానికి ఒక కర్ర పాతాలా, వద్దా? నీళ్ళు పొయ్యాలా, వానకు వదలాలా? అది పెరిగి కాస్తే ఎవరు కొయ్యాలి? సార్‌ను అడిగితే, నీ చెల్లె రానీ అన్నాడు.

నాకూ దాని గురించి నిన్ను అడగాలని ఉంది. అన్నీ అడుగుతాను. ఎందుకు అని కూడా అడుగుతాను. కాగితం మీద అడగను. నువ్వు వచ్చి, ఆ గడ్డిలో నా పక్కన నిలబడు.

కురుమూర్తి